నలభై నిమిషాలకు ఆగిపోయే ట్రంపెట్: ఒక పెళ్లి బ్యాండు మౌత్‌పీస్ కేసు

"ఊరేగింపు మొదలైన నలభై నిమిషాల వరకు బాగానే ఉంటుంది మాస్టారూ. ఆ తర్వాత పై స్వరాలు ఒక్కసారిగా పోతాయి. గాలి వెళ్తూనే ఉంటుంది, శబ్దం రాదు."

ఆయన నా దగ్గరికి వచ్చి మొదట చెప్పిన మాట ఇదే. ఇందులోనే జవాబు ఉంది. నేను దాన్ని పట్టుకోవడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నానో, ఎక్కడ తప్పానో రాస్తే బ్యాండు మేళంలో ఉన్నవాళ్లకి, ట్రంపెట్ నేర్పేవాళ్లకి పనికొస్తుందని ఈ కేసు రాస్తున్నాను. ఆయన పేరు, ఊరు, బ్యాండు పేరు రాయడం లేదు. ఆయన అనుమతితోనే రాస్తున్నాను.

నేపథ్యం

నేను మిలటరీ బ్యాండులో ట్రంపెట్ వాయించి రిటైరయ్యాను. ఇప్పుడు గోదావరి జిల్లాల్లోని ఒక టౌన్లో ట్రంపెట్, యూఫోనియం అనే పెద్ద ఇత్తడి వాద్యం నేర్పుతూ చిన్న రిపేర్లు కూడా చేస్తుంటాను. ఈయన నలభైకి దగ్గర్లో ఉన్న మనిషి. తండ్రి దగ్గర పదిహేనేళ్లకే ట్రంపెట్ పట్టుకున్నాడు. నోటేషన్ రాదు, కానీ ఏ పాటైనా రెండుసార్లు వింటే మధ్యలో వచ్చే మ్యూజిక్ బిట్స్‌తో సహా వాయిస్తాడు. స్వరాన్ని పెదవితో కిందికి జార్చి మళ్లీ పైకి తెచ్చే పద్ధతి ఆయన ప్రత్యేకత. పెళ్లిళ్లలో జనం ఆ జారుడు కోసమే ఆయన దగ్గర నిలబడతారు. బ్యాండులో పాట నడిపేది ఆయనే. రెండో ట్రంపెట్ ఉంది, కానీ దాన్ని వాయించే కుర్రాడు ఆయన వెనకాలే అదే స్వరం పట్టుకుంటాడు తప్ప ఒంటరిగా నడపడు.

వాద్యం మీరట్ నుంచి వచ్చిన పాత బి ఫ్లాట్ ట్రంపెట్. ఇరవై ఏళ్ల వాడకం. మన బ్యాండ్ల వాద్యాలు చాలావరకు ఆ ఊరి నుంచి వచ్చేవే.

ఆయన ఒక సంచీలో మూడు మౌత్‌పీస్‌లు, అంటే ట్రంపెట్‌కి తగిలించి పెదవి ఆనించి ఊదే కప్పులాంటి ముక్కలు, తెచ్చాడు. అవి ఏ వరసలో వచ్చాయో అడిగి తెలుసుకోవడం మంచిదైంది. ఒక్కొక్కటీ అంతకుముందున్న దాని లోపాన్ని సరిచేద్దామని కొన్నదే.

మొదటిది వాద్యంతో పాటు వచ్చింది. పూత పోయి ఇత్తడి బయటపడింది. అంతకంటే పెద్ద సంగతి, మూడేళ్ల కిందట ఎవరో "గాలి ఫ్రీగా పోతుంది" అని చెప్తే దాని థ్రోట్, అంటే కప్పు అడుగున ఉండే సన్నటి రంధ్రం, డ్రిల్లుతో పెద్దది చేయించాడు. ట్రంపెట్ మౌత్‌పీస్‌లో ఎక్కువగా కనిపించే థ్రోట్ 27 నంబరు డ్రిల్లు సైజు, అంటే 3.66 మిల్లీమీటర్లు. ఇందులో 20 నంబరు డ్రిల్లు కాడ హాయిగా దిగింది. అది 4.09. తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. కానీ గాలి పోయేది రంధ్రం వైశాల్యం గుండా కాబట్టి లెక్కేస్తే దారి పావు వంతు పెరిగింది. డ్రిల్లు వేయించిన మొదటి రోజు శబ్దం పెద్దగా వచ్చిందట. వారం తిరిగేసరికి ఊపిరి చాలడం లేదు, పై స్వరాలు నిలకడగా నిలబడటం లేదు. థ్రోట్ ఇచ్చే అడ్డు వాయించేవాడికి శత్రువు కాదు. పెదవి ఆనుకుని పనిచేసేది దాని మీదే. ఒకసారి తీసేసిన లోహాన్ని మళ్లీ పెట్టలేం.

రెండోది మౌత్‌పీస్ సైజు చెప్పే అంకెలు, అక్షరాల గందరగోళంలో వచ్చింది. "సి కప్పు మామూలు లోతు. పై స్వరాలు రావాలంటే లోతు తగ్గాలి, డి తీసుకో" అని తెలిసినవాళ్లు చెప్పారు. మౌత్‌పీస్‌లు చేసే బాక్ కంపెనీ పద్ధతిలో అది నిజమే. అక్కడ ఎ అన్నిటికంటే లోతు, అక్షరం ముందుకు వెళ్లేకొద్దీ లోతు తగ్గుతుంది. కానీ ఆయన కొన్నది యమహా పద్ధతిలో అక్షరం వేసినది. అక్కడ ఎ లోతు తక్కువ, డి, ఇ వైపు వెళ్లేకొద్దీ లోతు ఎక్కువ. అక్షరం అదే, అర్థం తలకిందులు. అంకెలూ అంతే: బాక్‌లో అంకె పెరిగితే రిమ్ (పెదవి ఆనే అంచు) లోపలి వ్యాసం తగ్గుతుంది, యమహాలో పెరుగుతుంది. ఆయన లోతు తగ్గించబోయి పెంచుకున్నాడు. శబ్దం మెత్తబడి ఊరేగింపులో డప్పుల కింద మునిగిపోయింది.

ఆ విసుగులో మూడోది కొన్నాడు, బాగా లోతు తక్కువది. నా దగ్గరికి వచ్చేటప్పటికి ఏడాదిగా దాంతోనే వాయిస్తున్నాడు.

వచ్చినప్పటి సమస్య, నా మొదటి పొరపాటు

మొదటి రోజు గంటసేపు విన్నాను. శబ్దం పదునుగా ఉంది, కొంచెం పల్చగా ఉంది. పై స్వరాలు శ్రుతి కంటే పైకి పోతున్నాయి. క్లారినెట్‌తో కలవడానికి శ్రుతి సరిచేసే గొట్టం, ట్యూనింగ్ స్లైడ్, బాగా బయటికి లాగి వాయిస్తున్నాడు. పాత మౌత్‌పీస్‌లో ఆయన పేరు తెచ్చుకున్న ఆ జారుడు ఇందులో సరిగ్గా రావడం లేదు.

ఇవన్నీ లోతు తక్కువ కప్పు లక్షణాలే. కప్పు, థ్రోట్ కలిసి ఒక చిన్న సీసాలాంటివి. మౌత్‌పీస్ రిమ్ మీద అరచేతితో తట్టి చూడండి, "టప్" అని ఒక శ్రుతి వినిపిస్తుంది. ట్రంపెట్ మౌత్‌పీస్‌కి ఆ శ్రుతి మామూలుగా 800 నుంచి 1000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. కప్పు చిన్నదైతే ఆ శ్రుతి పైకి జరుగుతుంది. అప్పుడు వాద్యంలోని పై అనునాదాలకు బలం పెరుగుతుంది, అవి కొంచెం పైకి కూడా లాగబడతాయి. శబ్దం మెరుస్తుంది, పై స్వరం తేలిగ్గా పలికినట్టు ఉంటుంది. దానికి బదులుగా కింది స్వరాల నిండుతనం, శ్రుతి కుదురు కొంత పోతాయి. ఫ్రెంచ్ హార్న్ గొంతు అంత మెత్తగా ఉండటానికి దాని మౌత్‌పీస్ గరాటులా లోతుగా ఉండటం ఒక కారణం. రెండు కొసలూ చూస్తే మధ్యలో జరిగేది అర్థమవుతుంది.

కాబట్టి నా నిర్ణయం తేలిగ్గా వచ్చేసింది: కప్పు మరీ లోతు తక్కువైంది, మామూలు లోతుకి తీసుకెళ్లాలి. నేను ఎన్నో ఏళ్లుగా వాయించే సైజు బాక్ పద్ధతిలో 1½సి. నా దగ్గర ఇంకొకటి ఉంది. అదే ఇచ్చాను.

ఇక్కడ రెండు తప్పులు చేశాను. మొదటిది, ఆయన చెప్పిన సమస్య నలభై నిమిషాల తర్వాతది. నేను విన్నది బస్సు దిగి, రెండు రోజులు విశ్రాంతి తీసుకున్న పెదవిని. నా గదిలో ఆయన పై స్వరాలు ఒక్కటీ తప్పలేదు. నేను వెతికింది నాకు వినిపించిన లోపాన్ని, ఆయన తెచ్చిన లోపాన్ని కాదు. రెండోది, లోతుతో పాటు వ్యాసం కూడా మార్చేశాను. ఆయన పెదవి ఇరవై ఏళ్లుగా అలవాటుపడిన రిమ్ లోపలి వ్యాసం దాదాపు 16.2 మిల్లీమీటర్లు. 1½సి 17. రిమ్ లోపల కదిలే పెదవి వైశాల్యం పది శాతం పెరిగింది. కాళ్లకి అలవాటైన చెప్పుల కంటే ఒక సైజు పెద్దవి ఇచ్చి పది మైళ్లు నడవమన్నట్టు.

రెండు ముహూర్తాలు దాంతో వాయించి వచ్చాడు. "శబ్దం బాగుంది మాస్టారూ, మా తమ్ముడు కూడా బాగుందన్నాడు. కానీ పెదవి నాది కాదనిపిస్తోంది." నలభై నిమిషాల సంగతి అడిగాను. ఇప్పుడు ఇరవై ఐదుకే అయిపోతోందన్నాడు.

రెండో ప్రయత్నం

అప్పుడు మౌత్‌పీస్ వదిలేసి వాయించే తీరు చూశాను. పై స్వరాలకి వాద్యాన్ని పెదవికి గట్టిగా అదుముతున్నాడు. రోడ్డు మీద నడుస్తూ వాయించే మన బ్యాండ్లలో అందరికీ ఈ అలవాటు ఉంటుంది. నడకలో వాద్యం ఊగకుండా ఉండాలంటే ఏదో ఒకచోట ఆనించాలి కదా. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు. ఆ మూడు వారాలు పాత లోతు తక్కువ మౌత్‌పీస్‌తోనే మెల్లగా, చిన్న శబ్దంతో దీర్ఘస్వరాలు, చేతి ఒత్తిడి తగ్గించే సాధన చేయించాను. ఐదు నిమిషాలు వాయిస్తే ఐదు నిమిషాలు ఆగాలి.

మేలు జరిగింది. ఒత్తిడి తగ్గింది, పెదవి మీద రిమ్ గుర్తు అంత లోతుగా పడటం లేదు. కానీ నలభై నిమిషాల గోడ కదల్లేదు, ఏదో ఐదు నిమిషాలు జరిగిందంతే. నా మనసులో అనుమానం పడింది ఇక్కడే. అలసట అయితే మెల్లమెల్లగా రావాలి. శబ్దం సన్నబడాలి, శ్రుతి కిందికి జారాలి, తర్వాత పోవాలి. ఈయనకి స్విచ్ ఆపినట్టు పోతోంది. అలసటకి ఆ ఆకారం ఉండదు. ఏదో ఒకటి వెళ్లి దేనికో తగులుతోంది.

అసలు సంగతి దొరికింది

నేను చేయాల్సిన పని మొదటి రోజే ఉంది: ఆయన అలిసిపోయాక వినడం. గదిలోనే ఊరేగింపు పాటల వరస మొత్తం నలభై నిమిషాలు ఆపకుండా వాయించమన్నాను. గోడ రాగానే చేతిలోకి ఇంకో మౌత్‌పీస్ ఇచ్చాను. అది పారదర్శకమైన అక్రిలిక్‌ది, కప్పు దాదాపు ఆయనదంత లోతే. ఫోన్లో స్లో మోషన్ వీడియో తీశాను. ఉదయం తాజా పెదవితో తీసిన వీడియో పక్కన పెట్టుకుని చూశాం.

ఉదయం పెదవికీ కప్పు గోడకీ మధ్య ఖాళీ ఉంది. సాయంత్రం లేదు. ఈయనకి పెదవులు నిండుగా ఉంటాయి, పై పెదవి కొద్దిగా ముందుకి దొర్లి కప్పులోకి వస్తుంది. నలభై నిమిషాలకి వాపు చేరి ఇంకొంచెం లోపలికి వచ్చి కప్పు గోడని తాకుతోంది. తాకిన క్షణం కంపనం ఆగిపోతుంది. ట్రంపెట్ వాళ్లు హై సి అనే స్వరానికి పెదవి సెకనుకి సుమారు 932 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. లోహానికి ఆనుకున్న పెదవి ఆ పని చేయలేదు. గాలి వెళ్తుంది, శబ్దం రాదు. ఆయన మొదటి రోజు చెప్పిన మాట అక్షరాలా అదే.

వీడియో చూసి ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. "ఏడాది నుంచి నా ఊపిరి తగ్గిపోయిందనుకున్నాను మాస్టారూ" అన్నాడు. నాకు ఆ మాట ఇప్పటికీ గుర్తుంది.

ఏం మార్చాం, ఏ వరసలో

ఇప్పుడు సమస్య ఇలా నిలబడింది. రోడ్డు మీద డప్పుల మధ్య వినిపించాలంటే ఆయనకి మెరుపు కావాలి, అంటే కప్పు ఘనపరిమాణం చిన్నగానే ఉండాలి. పెదవి తాకకూడదంటే చోటు కావాలి. రెండూ ఒకదానికొకటి వ్యతిరేకంగా కనిపిస్తాయి. కానీ పెదవికి చోటు కావాల్సింది కప్పు అడుగున కాదు, రిమ్ దాటగానే. రిమ్ లోపలి అంచు నుంచి గోడ నిటారుగా దిగితే పెదవికి చోటు దొరుకుతుంది. అక్కడే లోపలికి వంగిపోతే, మొత్తం లోతు ఎంతున్నా పెదవి గోడని తాకుతుంది. ఆయన మౌత్‌పీస్‌ని సగానికి కోసినట్టు ఊహించుకుంటే, రిమ్ కింద వెంటనే పళ్లెంలా చదునుగా వంగే ఆకారం. కొనేటప్పుడు అక్షరం లోతు చెప్తుంది, ఈ వంపు సంగతి చెప్పదు.

కొత్త కప్పు జోలికి వెళ్లే ముందు ఇంకొకటి చూడాల్సి వచ్చింది. మౌత్‌పీస్ కాడ వాద్యంలోకి ఎంత లోపలికి దిగుతోంది? రిసీవర్, అంటే వాద్యంలో కాడ దిగే గొట్టం, ఎక్కడ ముగుస్తోందో కాడ మీద పెన్సిల్‌తో గీత పెట్టాను. అక్కడి నుంచి కాడ కొస దాకా ఎంత దూరమో, రిసీవర్ నోటి నుంచి లోపల లీడ్‌పైప్, అంటే వాద్యం అసలు గొట్టం, మొదలయ్యే చోటికి ఎంత లోతో వెర్నియర్ కాలిపర్ వెనక పుల్లతో కొలిచాను. ఈ రెండింటి మధ్య సాధారణంగా మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూగా ఖాళీ ఉంటుంది. ఈయన వాద్యంలో ఖాళీయే లేదు. ఇరవై ఏళ్లుగా తిప్పి తిప్పి బిగించడం వల్ల రిసీవర్ అరిగి కాడ పూర్తిగా లోపలికి దిగిపోయి లీడ్‌పైప్‌ని తాకుతోంది. పై స్వరాలు తమ చోట గట్టిగా నిలబడకుండా జారడానికి ఇదీ ఒక కారణం కావచ్చనిపించింది.

దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. కాడ సన్నబడే వాలు దాదాపు 20కి 1. మామూలు రాసే కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. ఒక్క పొర చుడితే రెండు వైపులా కలిపి వ్యాసం 0.2 పెరుగుతుంది, కాడ దాదాపు నాలుగు మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. అంచులు ఒకదాని మీద ఒకటి పడకుండా చుట్టాను. నాలుగు ఎక్కువనిపించి సన్నటి కాగితానికి మారాను. రెండున్నర దగ్గర ఆయనే ఆగమన్నాడు. "ఇక్కడ స్వరం కూర్చుంటోంది" అన్నాడు. నలభై నిమిషాల గోడ మాత్రం అలాగే ఉంది. అది తెలుసుకోవడం నాకు ముఖ్యం, ఎందుకంటే రెండింటినీ ఒకేసారి మార్చి ఉంటే ఏది దేన్ని బాగుచేసిందో తెలిసేది కాదు.

తర్వాత కప్పు. నా దగ్గర రిమ్, కప్పు విడిగా మర బిగించే సెట్ ఒకటి ఉంది. 1½సి చేసిన తప్పు మళ్లీ చేయకుండా, ఆయన పాత రిమ్‌కి దగ్గరగా ఉన్న 16.2 రిమ్ ఒక్కటే బిగించి కింద కప్పులు మాత్రం మార్చాను. థ్రోట్ అన్నిటిలోనూ 27 నంబరే. నాలుగు కప్పులు: మామూలు లోతు, కొంచెం తక్కువ, బాగా తక్కువ, నాలుగోది రిమ్ కింద నిటారుగా దిగి అడుగున మాత్రం పైకి తేలి ఉండేది.

ఏది ఏదో ఆయనకి చెప్పలేదు. మాతో ఉన్న క్లారినెట్ ఆయన్ని వీధిలో ఇరవై అడుగుల దూరంలో వెనక్కి తిరిగి నిలబడమన్నాను. ఈ పరీక్షలో నన్ను ఆలోచింపజేసిన విషయం ఒకటుంది. తాజా పెదవితో వాయించినప్పుడు ఆయనకి అన్నిటికంటే బాగా నచ్చింది బాగా లోతు తక్కువ కప్పే. చెవి దగ్గర ఆ మెరుపు వాయించేవాడికి చాలా ధైర్యాన్నిస్తుంది. ఇరవై అడుగుల దూరంలో ఉన్న మనిషికి మాత్రం దానికీ నాలుగోదానికీ పెద్ద తేడా తెలియలేదు, నాలుగోది "కొంచెం గుండ్రంగా ఉంది" అన్నాడు. వాయించేవాడికి తెలిసే తేడా, వినేవాళ్లకి తెలిసే తేడా ఒకటి కావు. ఎంపిక చేసేటప్పుడు రెండూ విడివిడిగా రాసుకోవాలి.

నలభై నిమిషాల వరస మళ్లీ వాయించాక నాలుగు కప్పులూ తిరిగి పరీక్షించాం. బాగా తక్కువది ఆగిపోయింది. మామూలు లోతు ఆగలేదు కానీ పై స్వరాలకి శ్రమ ఎక్కువైంది. కొంచెం తక్కువది అప్పుడప్పుడు తాకింది. నాలుగోది నిలబడింది. శ్రుతి కూడా కుదురుకుంది. స్లైడ్ అంతగా బయటికి లాగే అవసరం పోయింది. మొదటిసారి ఆ జారుడు మళ్లీ వినిపించినప్పుడు క్లారినెట్ ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

శ్రావణంలో

అలాంటి ఆకారం ఉన్న మౌత్‌పీస్, వెండి పూతది, తెప్పించుకున్నాడు. కాగితం తాత్కాలికం కాబట్టి రిసీవర్ మార్పించాడు. మార్చాక ఖాళీ మళ్లీ కొలిచాను, మూడుకి కొంచెం తక్కువ.

అయినా రెండు గంటల ఊరేగింపు ఒక్క పెదవి మీద నడవకూడదని నేను పట్టుబట్టాను. ఇది మౌత్‌పీస్‌తో తీరేది కాదు. పల్లవి ఆయన, చరణంలో మొదటి సగం రెండో ట్రంపెట్ కుర్రాడు అని పంచుకున్నారు. మొదట ఆ కుర్రాడికి టెన్షన్, రెండు పెళ్లిళ్ల తర్వాత అలవాటైంది. ఆయన పెదవికి ప్రతి పాటలోనూ ఇరవై ముప్పై సెకన్లు రక్తం తిరిగి చేరే వ్యవధి దొరికింది. శ్రావణం ముగిసేలోగా తొమ్మిది ఊరేగింపులు చేశారు. గోడ రాలేదు. చివరి అరగంటలో అలసట ఉంది, కానీ అది అలసటలాగే మెల్లగా వస్తోంది.

తీరనిది ఒకటుంది. బాగా కింది స్వరాలు వాద్యంతో వచ్చిన మొదటి మౌత్‌పీస్‌లో ఉన్నంత నిండుగా ఇందులో లేవు. పెళ్లి మండపంలో కూర్చుని వాయించే నెమ్మది పాటలకి ఆయనకి అది లోటే. రిమ్ అదే ఉంచి కొంచెం లోతైన కప్పుతో ఇంకొకటి పెట్టుకోవచ్చని చెప్పాను. పెదవికి రిమ్ మారకపోతే కప్పు మార్చుకోవడం కష్టం కాదు. ఇంకా కొనలేదు.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి కొన్ని. ఎవరైనా మౌత్‌పీస్ సమస్యతో వస్తే ముందు పెదవి అలిసేదాకా వాయించమంటున్నాను, ఆ తర్వాతే వింటున్నాను. నా సైజు ఎవరికీ ఇవ్వడం లేదు. అంకె, అక్షరం చెప్తే ఏ కంపెనీ పద్ధతో అడగకుండా మాట్లాడటం లేదు. కొత్త మౌత్‌పీస్ గురించి ఆలోచించే ముందు కాడ దగ్గర ఖాళీ కొలుస్తున్నాను. థ్రోట్‌కి డ్రిల్లు వేయమని వచ్చేవాళ్లకి వేయడం లేదు.

అన్నయ్యకి కుదిరిందని ఆయన తమ్ముడు కూడా అలాంటిదే తెప్పించుకుని గత నెల వచ్చాడు. యూఫోనియం మానేసి ట్రంపెట్‌కి మారుతున్నాడు. అతనివి సన్నటి పెదవులు, కప్పులోకి అసలు రావు. అన్నయ్య మౌత్‌పీస్‌లో అతని శబ్దం పట్టు లేకుండా వెడల్పుగా వస్తోంది. పక్కన నా దగ్గరున్న మామూలు 7సి ఇచ్చాను. మొదటి పల్లవికే వాళ్లన్నయ్య తలుపు దగ్గరి నుంచి "అది ఉంచుకో రా" అన్నాడు.